నలభై ఆరో టోకెన్

ఉదయం తొమ్మిదింటికి, హైదరాబాదులోని ఒక మార్చురీలో, గూఢచారి శాఖ ఏజెంట్ ఇమ్మానుయేల్ ఒక శవం పక్కన నిలబడి ఉన్నాడు. చనిపోయిన మనిషికి నలభై తొమ్మిదేళ్లు. రెండు నెలల క్రితం వరకు రోజూ టెన్నిస్ ఆడేవాడు. సరిహద్దు రాడార్ ప్రాజెక్టులో సీనియర్ సైంటిస్టు. ఆసుపత్రి ఫైలులో రాసిన కారణం ఒక్క ముక్క: ఒంట్లో రక్తం తయారవడం ఆగిపోయింది, ఎందుకో తెలియదు.

"ఎందుకో నాకు తెలుసు," అంది డాక్టర్ శైలజ.

ఆమె పాథాలజిస్టు. శాఖకు పనిచేస్తున్నట్టు ఇంట్లో వాళ్లకు కూడా చెప్పుకోలేదు. మైక్రోస్కోపు వైపు చెయ్యి చూపించింది. ఇమ్మానుయేల్ కన్ను ఆనించాడు. తెల్లటి గుండ్రటి ఖాళీలు. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నీలపు చుక్క.

"ఇది ఎముక మజ్జ. సంత రోజు బజారులా కిక్కిరిసి ఉండాలి. కొవ్వు తప్ప ఏమీ మిగల్లేదు. ఇదే ప్రాజెక్టులో ఆరు నెలల క్రితం ఇంకొకాయన పోయారు. దహనం అయిపోయింది, కానీ బయాప్సీ స్లైడు ఒకటి బీరువాలో ఉండిపోయింది. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో నేను కూడా చెప్పలేను."

శవాన్ని కొద్దిగా పక్కకు ఒత్తిగిలించింది. నడుం మీద రూపాయి బిళ్లంత పుండు.

"నిప్పు తగిలితే పైనే కాలుతుంది. ఇది లోపలి కండదాకా దిగింది. రేడియేషన్."

మూల కుర్చీలో కూర్చున్న చీఫ్ అప్పుడు నోరు విప్పాడు. బ్రీఫింగ్ ఎప్పుడూ ఆయన అలాగే మొదలుపెడతాడు, మధ్యలోంచి.

"ఇరిడియం సోర్స్. రేడియేషన్ చిమ్మే పెన్సిల్ మొనంత ముక్క. పెద్ద పైపుల వెల్డింగ్ సరిగ్గా ఉందో లేదో ఎక్స్‌రే తీసి చూసే కంపెనీలు వాడతాయి. సీసం పెట్టెలో ఉన్నంతసేపు పిల్లి. బయటికి తీస్తే పులి. దాన్ని కారు సీటులో దాస్తే తుపాకీ అక్కర్లేదు. చప్పుడు లేదు, వాసన లేదు. మనిషి నెలన్నరకు పోతాడు. చంపినవాడు అప్పటికి తన దేశంలో కాఫీ తాగుతుంటాడు."

"ఏ దేశం?"

"నీకు అవసరం లేదు. ముఠా పేరు ఫైలులో ఆర్చిడ్. ఇద్దరు పోయారు. ప్రాజెక్టులో మిగిలింది టీమ్ లీడర్, డాక్టర్ భీమన్న. గద్వాలవాడు. ఎల్లుండి అలంపూర్‌లో దర్శనానికి వెళ్తున్నాడు. ఆయన ప్రైవేటు పని, ఆయన కారు. ఆయన్ను ఆపితే ముఠా ఆ ముక్కతో మాయమవుతుంది."

శైలజ ల్యాప్‌టాప్ తెరిచింది. వరసగా ఛాతీ ఎక్స్‌రేలు.

"పదకొండు రోజుల క్రితం బిజినేపల్లిలో టీబీ పరీక్షల వ్యాన్ తీసినవి. మిషన్ ఖరాబైందని ఆపరేటరు రిమార్కు రాశాడు. అక్కడి రేడియాలజిస్టు నా క్లాస్‌మేటు. ఊరికే వింతగా ఉన్నాయని పంపాడు."

నలభయ్యో టోకెన్ వరకు మామూలు ఊపిరితిత్తులు. నలభై ఒకటి మీద పల్చని పొగ. నలభై మూడులో పక్కటెముకలు కనపడీ కనపడనట్టు. నలభై ఐదు కారుమబ్బు. నలభై ఆరు పూర్తిగా నలుపు. నలభై ఏడు నుంచి మళ్లీ మెల్లగా తేట.

ఇమ్మానుయేల్ ఈ ఉద్యోగంలోకి రాకముందు నాలుగేళ్లు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేశాడు. ఒక నిమిషం కూడా పట్టలేదు అతనికి.

"మిషన్ చెడితే ఇలా మెట్టు మెట్టుగా చెడదు. సోర్స్ క్యూలో నిలబడింది. ఒక్కో టోకెన్‌కు ఒక్కో అడుగు ముందుకొచ్చింది. నలభై ఆరు ఎవరు?"

"సాయన్న. నలభై నాలుగేళ్లు. తిమ్మాజిపేట దగ్గర."

ఆ ప్రాంతమే ఇమ్మానుయేల్‌ది కూడా. తల్లిదండ్రులు వలస కూలీలు. ఊరూరా ఆనకట్టల పనుల దగ్గర పెరిగి, చర్చి హాస్టల్లో చదువుకున్నాడు. ఆ యాస అతనికి ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

"కవర్ నీకు కొత్త కాదు, ఎక్స్‌రే టెక్నీషియన్," అన్నాడు చీఫ్. "ఆ టీబీ వ్యాన్ నీదే. లోపల సీసం డబ్బా పెట్టించాను. చేతి వాచీ మార్చుకో. రేడియేషన్ తగిలితే వణుకుతుంది. ఎల్లుండి లోపు ఆ ముక్క ఎక్కడుందో తేలాలి. ఒక్క మాట బయటికి పొక్కకూడదు. సాయన్నకు కూడా."

*

సాయన్న ఇంటి ముందు నీడలో కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. ఎండుకట్టెలాంటి మనిషి. తెల్ల కోటు చూడగానే చెయ్యి కడుక్కోబోయాడు.

"తిను అన్నా, తిను," అన్నాడు ఇమ్మానుయేల్. "క్యాంపుల నీ ఫొటో సరిగ రాలే. మళ్లొకసారి తీద్దామని వచ్చిన."

"దగ్గు తక్కువైంది సారు. గిప్పుడు మస్తుగున్న. పూటకు నాలుగు రొట్టెలు తింటున్న."

ఆయన భార్య కాంతమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఆ దినం బస్సులనే కక్కిండు సారు. రెండు దినాలు నీళ్లు గూడ కడుపుల నిలువలే. మల్ల గదే తగ్గింది. నేను కట్టిన కూర పులిసిందేమో. తెల్లారగట్ల ఒండిన వంకాయ కూర."

ఇమ్మానుయేల్ వాచీ వైపు చూశాడు. కదలిక లేదు. సోర్స్ ఇక్కడ లేదు, అది తాకిన మనిషి మాత్రం ఉన్నాడు.

"అంగీ జర పైకి లేపన్నా."

ఎడమ తుంటి మీద అరచేయంత మేర చర్మం ముదురు ఎరుపుగా కమిలి ఉంది.

"సంచి తాకిన కాడ," అన్నాడు సాయన్న. "ఎండకనుకుంట. నొప్పేం లేదు."

ఇమ్మానుయేల్ చిన్న సూదితో రక్తం తీస్తూ, మామూలు కబురులా అడిగాడు. "సంచిల ఏముండె అన్నా?"

"టిఫిన్ డబ్బ. నేను పైపుల యార్డుల హెల్పర్ పని చేస్త సారు. సూపర్‌వైజర్ సారు మిషన్ సామాను ఒకటి కింది గిన్నెల పెట్టిండు. గింతంత ఉండె, తీగె కొసకు మెరుస్తుండె. పై గిన్నెల నా కూడు. గద్వాల బస్టాండ్ల మానస మేడమ్‌కు ఇయ్యిమన్నడు. బస్సుకు ఇంక టైమున్నదని క్యాంపుల నిలబడ్డ. అంతమంది ఉండంగ నన్నే పంపిండంటే, నా మీద నమ్మకం సారు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో గర్వం. ఇరవై కిలోల సీసం పెట్టె మోసుకెళ్తే దారిలో ఎవరైనా అడుగుతారు. కూలి మనిషి టిఫిన్ డబ్బా మోసుకెళ్తే ఎవరూ అడగరు. నమ్మకం అంటే ముఠా లెక్కలో అంతే. బిజినేపల్లి నుంచి వనపర్తి, వనపర్తి నుంచి గద్వాల. బస్సు మారడం, ఎదురుచూడటం కలిపి ఆరు గంటలు ఆ డబ్బా అతని తుంటిని ఆనుకొనే ఉంది.

"నాకు టీబీ ఉన్నదా సారు?"

"లేదన్నా."

"అయితే ఫికర్ లేదు. వానలు రాకముందే ఇంటి రేకులు మార్చాలె. జర తాకత్ వచ్చింది గిప్పుడు."

ఇమ్మానుయేల్‌కు ఆ తాకత్, ఆ కొత్త బలం సంగతి తెలుసు. ఈ జబ్బుకు మధ్యలో కొన్ని మంచి రోజులు వస్తాయి. మజ్జ చచ్చిపోయినా, అంతకుముందు తయారైన రక్తం ఇంకా ఒంట్లో తిరుగుతుంటుంది. అది అయిపోయేదాకా మనిషి నవ్వుతాడు, తింటాడు, రేకుల గురించి ఆలోచిస్తాడు.

వాకిలి దాటుతుంటే కాంతమ్మ వెనకే వచ్చింది. "సారు, మీ మొకం గట్ల అయిందేంది?"

"ఎండ అక్కా," అన్నాడు.

*

వ్యాన్‌లో ఉన్న చిన్న మిషన్ రక్త కణాలు లెక్కబెట్టింది. అంకెలు శైలజకు పంపాడు. ఫోన్ వెంటనే మోగింది.

"తెల్ల కణాలు దాదాపు లేవు," అంది ఆమె. "మూడు వారాలు. ఆయన గట్టివాడైతే నాలుగు."

"మజ్జ మార్పిడి?"

"ఈ డోసుకు అది నిలవదు. పేగులు, ఊపిరితిత్తులు కూడా దెబ్బతిని ఉంటాయి. తీసుకురండి. నొప్పి తగ్గించగలను."

చీఫ్ లైన్‌లోకి వచ్చాడు. "ఇప్పుడు కాదు. యార్డు మనిషి ఇంటి ముందు అంబులెన్స్ ఆగితే ఆర్చిడ్‌కు గంటలో తెలుస్తుంది. ఎల్లుండి మధ్యాహ్నం దాకా ఆగు."

"డాక్టర్, రెండు రోజులు ఆలస్యమైతే ఏమైనా తేడా వస్తుందా?"

శైలజ ఆ అంకెలు పైకి మరోసారి చదువుకుంది.

"రాదు," అంది.

వస్తుందని చెప్పి ఉంటే ఇమ్మానుయేల్ చీఫ్‌తో కొట్లాడేవాడు. రాదన్న ఆ ఒక్క మాటతో కొట్లాటకు కారణం పోయింది.

"డబ్బా అందుకున్నది మానస అనే ఆవిడ," అన్నాడు చివరికి.

చీఫ్ శైలజను లైన్‌లోంచి తప్పించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మానస మన మనిషి. రెండేళ్లుగా ఆర్చిడ్ లోపల ఉంది. భీమన్న కారులో మాటలు వినే బగ్ పెట్టబోతున్నారని పది రోజుల క్రితం రిపోర్టు పంపింది. పెట్టనివ్వమని నేనే చెప్పాను. వినడానికి ఎవరొస్తారో చూద్దామనుకున్నాను."

"బగ్ అని ఆమె అబద్ధం చెప్పిందా, లేక ఆమెకే అబద్ధం చెప్పారా?"

"అది నువ్వు తేల్చు. యార్డులో అందరి ఫోన్లూ ఆపించారు, ఆమెకు ముందే కబురు పంపలేం. ఎల్లుండి పదింటికి గద్వాలలో ఆమెతో అత్యవసర మీటింగ్ స్లాట్ ఉంది."

*

గద్వాల చీరల దుకాణం. పదీ ఇరవై. మానస ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, భుజం మీదికి జారిన జుట్టు. దుకాణంలో ఆడవాళ్లు కూడా తలతిప్పి చూశారు.

ఇమ్మానుయేల్ పక్కన కూర్చుని చీర మడత విప్పాడు. "ఈ కుట్టంచు రెండు రంగుల్లో దొరుకుతుందా?"

"ఒక్క రంగే. రెండోది వెలుస్తుంది," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

కానీ అతను ఆమె ముఖం చూడటం లేదు. ఆమె కుడిచేయి చూస్తున్నాడు. ఎండాకాలంలో సన్నని లేసు గ్లౌజు.

"గ్లౌజు తీయండి."

"ఏంటి?"

"బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మంటగా ఉన్నాయా?"

ఆమె అతన్ని ఒక క్షణం చూసి గ్లౌజు తీసింది. మూడు వేళ్ల కొసలు ఉబ్బి, నీటిబొబ్బలు కట్టి, గోళ్ల చుట్టూ నల్లబడి ఉన్నాయి. చీర మడతలు పెడుతున్న దుకాణం అతను చూపు తిప్పుకున్నాడు.

"అలర్జీ అన్నాడు డాక్టరు," అంది మానస.

ఇమ్మానుయేల్‌కు జవాబు దొరికింది. దాని సంగతి తెలిసినవాళ్లెవరూ దాన్ని ఉత్త చేత్తో పట్టుకోరు. ఆమె ద్రోహి కాదు. ఆమె ఎవరో ముఠాకు ఎప్పుడో తెలిసిపోయింది. అందుకే ఆ పని ఆమెతోనే చేయించారు.

"అది బగ్ కాదు మానసా."

నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె వింటున్నంతసేపు చీర అంచు మీద వేళ్లు కదపలేదు. ఎంత ప్రమాదమో అడగలేదు, ఎవరికో కూడా అడగలేదు.

"డబ్బా తెచ్చినాయన?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"నాకు దండం పెట్టి ఇచ్చాడు," అంది ఆమె. గ్లౌజు మళ్లీ తొడుక్కుంటూ గబగబా చెప్పింది. "భీమన్నకు నడుం నొప్పి. కారులో ఎప్పుడూ ఒక నీలం దిండు పెట్టుకుంటాడు. అచ్చం అలాంటి దిండులో ఆ ముక్కను నేనే పెట్టి కుట్టాను. సూపర్‌వైజర్ పట్టుకెళ్లాడు. భీమన్న గుళ్లో ఉండగా దిండు మారుస్తాడు. పదకొండున్నరకు భీమన్న బయటికి వస్తాడు. అక్కణ్నుంచి నేరుగా హైదరాబాద్. నాలుగు గంటలు దానికి ఆనుకుని కూర్చుంటాడు."

గోడ గడియారం పదీ ముప్పై ఐదు చూపిస్తోంది. అలంపూర్ గంట దూరం.

*

వ్యాన్ రోడ్డెక్కాక ఇమ్మానుయేల్ చీఫ్‌కు చెప్పాడు. జవాబులు ముక్కలుగా వచ్చాయి. భీమన్న ఫోన్ ఎత్తడం లేదు, కారులో వదిలి గుళ్లోకి వెళ్లినట్టుంది. డ్రైవర్ ఫోన్ ఎత్తడం లేదు. దగ్గర్లోని పోలీసులకు ఏం చెప్పాలి? దిండును పట్టుకోమనా? తెలియక వాళ్లలో ఒకడు దాన్ని చంకలో పెట్టుకుంటే?

"నువ్వే వెళ్లు," అన్నాడు చీఫ్.

పదకొండూ ముప్పై ఒకటికి అలంపూర్. గుడి దారిలో వాహనాలు అడ్డంగా ఆగి ఉన్నాయి. వ్యాన్ కదలదు. ఇమ్మానుయేల్ దూకి పరుగెత్తాడు. పార్కింగులో బూడిదరంగు కారు. డ్రైవర్ టీ గ్లాసుతో అప్పుడే వెనక్కి వస్తున్నాడు. ఒక పెద్దమనిషి, నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం, వెనక తలుపు తెరిచి ఒక కాలు లోపల పెట్టాడు. వాచీ వణకడం మొదలైంది.

"భీమన్న సార్, కూర్చోవద్దు."

పెద్దమనిషి ఆ పేరు విని ఆగాడు. ఇమ్మానుయేల్ ఆయన్ను భుజం పట్టి వెనక్కి లాగాడు. ప్రసాదం నేల మీద పడింది. డ్రైవర్ ఇమ్మానుయేల్ కాలర్ పట్టుకోబోయాడు.

"కారు దగ్గర ఎవరూ ఉండొద్దు. దిండులో బాంబుంది," అన్నాడు ఇమ్మానుయేల్. నిజం చెబితే ఎవరూ కదలరు. అబద్ధానికి రెండు సెకన్లలో అందరూ ఇరవై గజాలు వెనక్కి పోయారు.

వాచీ ఇప్పుడు చేతికి పట్టిన తేనెటీగలా ఉంది. దూరం రెట్టింపయితే దెబ్బ నాలుగో వంతు. ఎప్పుడో టెక్నీషియన్ కోర్సులో మొదటి రోజు చెప్పిన పాఠం. చుట్టూ చూశాడు. పూలమ్మే జంగమ్మ తన పరదాను ఎత్తిపెట్టిన వెదురు కర్ర కనిపించింది. లాగాడు. పరదా బంతిపూల మీద కూలింది.

"ఓ సారూ, నా కట్టె," అంది జంగమ్మ.

కర్ర కొసకు దిండు వెనక పట్టీ తగిలించి, చాచిన చేతులతో పట్టుకుని నడిచాడు. పరుగెత్తితే జారుతుంది. జారితే మళ్లీ వంగాలి. వ్యాన్ డెబ్బై అడుగుల దూరం. జనం రెండు వైపులా చీలి చూస్తున్నారు. శాఖలో పన్నెండేళ్లు పనిచేసిన ఏజెంటు పట్టపగలు గుడి ముందు కర్రకు దిండు కట్టుకుని నడుస్తుంటే ఒకాయన వీడియో కూడా తీశాడు. దిండు సీసం డబ్బాలో పడింది. మూత పడింది. వాచీ ఆగిపోయింది.

ఇమ్మానుయేల్ చక్రం పక్కన కూర్చుండిపోయాడు. భీమన్నకు తగిలింది ఒక్క క్షణం. ప్రమాదం లేదు. ఆపరేషన్ సక్సెస్.

సూపర్‌వైజర్‌గా తిరిగిన మనిషి దిండు మార్చి నేరుగా కర్నూలు వైపు వెళ్లాడు. అతన్ని దొరకబుచ్చుకునేలోపు టూరిస్టు వీసా మీద దేశం దాటాడు. యార్డులో మిగిలిన నలుగురు దొరికారు. వాళ్లకు తెలిసింది సాయన్నకు తెలిసినంతే.

*

రక్తం తీసిన ఇరవై ఏడో రోజున సాయన్న పోయాడు. చివరి వారం జుట్టంతా దిండు మీద రాలింది. నోరు పుండై నీళ్లు కూడా దిగలేదు. ఇమ్మానుయేల్ రోజూ ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన కూర్చునేవాడు. చేయగలిగింది ఇంకేమీ లేదు. ఒక రోజు సాయన్న ఊపిరి కూడగట్టుకుని, "సారు, ఆ సామాను మేడమ్‌కు సరిగనే అందిందా?" అని అడిగాడు. అందిందన్నాడు ఇమ్మానుయేల్.

మానసకు మూడు వేళ్లు తీసేశారు.

శైలజ పోస్టుమార్టం చేసింది. కారణం పూర్తిగా, ఒక్క అనుమానం లేకుండా రాసింది. ఆ రిపోర్టుకు సీలు వేసి బీరువాలో పెట్టారు. ఇంటికిచ్చిన కాగితంలో రక్తహీనత అని ఉంది.

మార్చురీ వరండాలో కాంతమ్మ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉంది. ఇమ్మానుయేల్‌ను చూసి దగ్గరికొచ్చింది.

"మీరు చెప్పుండ్రి సారు. నేను పెట్టిన కూరతోనేనా? గా డబ్బతోనే మొదలైంది. నాకు తెల్వదా? ఆ దినం నుంచి నేను వంకాయ తెంపలే."

అతనికి ఆర్డర్లు ఉన్నాయి. దేశం, ముఠా, సోర్స్, ఒక్కటీ చెప్పకూడదు.

"అక్కా, నీ కూరల ఏం లేదు. లోపల అంతా కోసి చూసిండ్రు. డాక్టరమ్మ రాసింది, నేను సదివిన. నీ తప్పు ఇసుమంత లేదు. ఇంతకంటే చెప్పరాదు నాకు."

కాంతమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. కాగితం మడిచి కొంగుకు కట్టుకుంది.

ఆ సాయంత్రం చీఫ్ ఫైలు ముందుకు నెట్టాడు. ఆపరేషన్ విజయవంతం. ప్రాణనష్టం: లేదు. ఇమ్మానుయేల్ సంతకం పెట్టే ముందు మూడు అభ్యర్థనలు రాశాడు. సాయన్న పేరు ఫైలులో చేర్చాలని ఒకటి. అతని భార్యకు నిజం చెప్పాలని ఒకటి. అలంపూర్‌లో పూలమ్మే జంగమ్మ వెదురు కర్రను సాక్ష్యం కింద అనవసరంగా స్వాధీనం చేసుకున్నారు, దాని బదులు కొత్తది ఇప్పించాలని ఒకటి.

నెల తర్వాత జవాబు వచ్చింది. మొదటి రెండూ తిరస్కరించారు. కర్ర మాత్రం మంజూరైంది, జాతీయ భద్రత దృష్ట్యా.